పురుగు లేని వంకాయ, రైతు లేని రైతుబజారు

ముందే చెప్పేస్తున్నాను, నేను రైతుని కాదు. మా ఇంట్లో వ్యవసాయం మా తాతగారితోనే ఆగిపోయింది. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని ఎవరో రాసిన కోడ్‌లో తప్పులు వెతుక్కుంటూ, ఆదివారం పొద్దున్న సంచీ పట్టుకుని రైతుబజారుకి వెళ్ళే సగటు సాఫ్ట్‌వేరు జీవిని. కాబట్టి రైతులకి వ్యవసాయం ఎలా చెయ్యాలో చెప్పే సాహసం చెయ్యను. నేను చెప్పేది కొనేవాడి వైపు నుంచి. అదీ ముఖ్యంగా బజారుని నడిపేవాళ్ళకీ, మనలాంటి కొనేవాళ్ళకీ.

ఈ మధ్య ఏ రైతుబజారుకి వెళ్ళినా గోడల మీద పర్యావరణం కనిపిస్తోంది. ప్లాస్టిక్ వద్దు, భూమిని కాపాడండి, ప్రకృతి వ్యవసాయం ముద్దు... మంచి మాటలే, ఎవరు కాదంటారు? కానీ గోడ మీద ఉన్న మాటకీ, కింద తట్టలో ఉన్న వంకాయకీ మధ్య సంబంధం ఏమిటి అన్నదే నా ప్రశ్న. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం నా జవాబు ఇక్కడే చెప్పేస్తాను :) రైతుబజారు ప్రకృతికి చెయ్యగలిగే మేలంతా ఒక్క విషయం మీద నిలబడి ఉంది. అక్కడ కూర్చుని అమ్ముతున్న మనిషి నిజంగా ఆ కూర పండించిన మనిషేనా? అవునంటే మిగతావన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోవచ్చు. కాదంటే గోడ మీద ఎన్ని రాసినా అదంతా రంగు ఖర్చే.

ఎందుకలా అంటున్నానో మా ఊరి నుంచి మొదలుపెట్టి చెప్తాను.

మాది రామచంద్రపురం. ద్రాక్షారామం పక్కన, కాకినాడ నుంచి కోటిపల్లి వెళ్ళే దారిలో వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కోనసీమ జిల్లాలో కలిపారు గానీ, మమ్మల్ని ఏ జిల్లా అని అడిగితే నోట్లోంచి ముందు వచ్చేది తూ.గో.జి. అనే. ఆయ్! "మీకేంటండీ, గోదారి జిల్లా, ఎటు చూసినా పచ్చదనం, కూరగాయలకేం లోటు?" అని హైదరాబాదులో స్నేహితులు అంటూ ఉంటారు. వాళ్ళకి తెలీని సంగతేమిటంటే డెల్టా పచ్చదనం అంటే వరి పచ్చదనం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యి కాలవలు పారినప్పటి నుంచీ మా చుట్టూ ఉన్నవి ఎక్కువగా వరి చేలే. నీళ్ళు నిలిచే చేలో వంగ మొక్క బతకదు కదా. మా వైపు కూరగాయలు పండేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి గోదారి లంకలు, వరద తెచ్చి పోసిన ఒండ్రు మట్టిలో వంగ, బీర, దోస, మిరప. రెండోది మెట్ట, గొల్లప్రోలు, పిఠాపురం వైపు.

అంటే మా ఊరి మార్కెట్లో ఒక కుప్ప వంకాయలు కనిపిస్తే అవి ఎక్కడివైనా కావచ్చు. ఏదో లంకలో తెల్లారగట్ల కోసి తెచ్చినవి కావచ్చు. మెట్ట నుంచి బస్సెక్కి వచ్చినవి కావచ్చు. ఆలమూరు దగ్గర మడికి హోల్‌సేలు మార్కెట్లో చేతులు మారినవి కావచ్చు. పక్క కుప్పలో ఉన్న బంగాళాదుంపైతే రాష్ట్రాలు దాటి వచ్చింది. అన్నీ ఒకే గోనెపట్టా మీద పక్కపక్కనే ఉంటాయి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో కూర మీద రాసి ఉండదు. చెప్పగలిగేది అమ్మే మనిషి ఒక్కరే, అదీ ఆ మనిషికి తెలిస్తే.

రైతుబజార్లు పుట్టింది ఇలాంటి గందరగోళాన్ని తగ్గించడానికే. కాకపోతే అప్పటి గొడవ పర్యావరణం గురించి కాదు, ధర గురించి. 1987లో పంజాబ్‌లో 'అప్నీ మండీ' అని మొదలైంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు తెరిచారు. అదే ఏడాది నవంబరులో తమిళనాడు వాళ్ళు మదురైలో 'ఉళవర్ సంత' మొదలుపెట్టారు. మన పద్ధతి చాలా తెలివైనది. రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల వాళ్ళు ఊళ్ళు తిరిగి కూరగాయలు పండించే రైతుల్ని గుర్తించి కార్డులివ్వాలి. కార్డున్న రైతుకి స్టాలు. రోజూ పొద్దున్నే ఎస్టేట్ ఆఫీసరూ, రైతుల కమిటీ కూర్చుని ధరలు నిర్ణయించి నల్లబోర్డు మీద రాస్తారు. హోల్‌సేలు కంటే పాతిక శాతం ఎక్కువ, బయట చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువ ఉండేలా చూడాలన్నది అప్పటి లెక్క. రైతుకీ లాభం, మనకీ లాభం, మధ్యలో దళారీ ఉండడు.

గమనించండి, ఇందులో పర్యావరణం అన్న మాటే లేదు. అయినా మేలు జరిగింది. దగ్గర్లో పండింది దగ్గర్లోనే అమ్ముడైంది. ప్యాకింగు లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు. ఏ కాలంలో ఏది పండితే అదే దొరికింది. కోసిన మర్నాటికి వంటింట్లో ఉంది కాబట్టి కుళ్ళి పారబోసేది తగ్గింది. ఇవన్నీ ఎవరూ ప్రతిజ్ఞ చేసి సాధించినవి కావు. 'పండించినవాడే అమ్మాలి' అన్న ఒక్క నియమం వల్ల వాటంతటవే వచ్చినవి. ఆ ఒక్క నియమం సడలిన చోటల్లా ఇవీ పోయాయి. కార్డు ఒకరిది, స్టాల్లో కూర్చునేది ఇంకొకరు, సరుకు హోల్‌సేలు మార్కెట్టుది... ఈ బినామీ గోల పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు మనం!

ఇక్కడ మనవాళ్ళు సాధారణంగా ఒక మాట అంటారు. "దగ్గర్లో పండింది కొంటే చాలండీ, లారీల డీజిలు మిగులుతుంది, అదే పర్యావరణం." ఇది అనుకున్నంత నిజం కాదు. ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక రైతు 30 కిలోమీటర్ల దూరం నుంచి ఆటోలో 200 కిలోల కూరగాయలు తెచ్చాడనుకోండి. రానూ పోనూ 60 కిలోమీటర్లు, లీటరుకి 30 చొప్పున 2 లీటర్లు. కిలోకి 10 మిల్లీలీటర్లు. ఇప్పుడు 500 కిలోమీటర్ల నుంచి 10 టన్నుల లారీ వచ్చిందనుకోండి. లీటరుకి 4 కిలోమీటర్ల చొప్పున 125 లీటర్లు. కిలోకి 12.5 మిల్లీలీటర్లు. తేడా ఎంత? టీ చెంచాడు కూడా లేదు! ఆ ఆటోలో 150 కిలోలే ఉంటే లారీయే నయం. (లారీ ఖాళీగా తిరిగి వెళ్తుందా, లోడుతో వెళ్తుందా అన్నది వేరే లెక్క. అలాగే రైతు తట్టతో బస్సెక్కితే ఆటో లెక్కే ఉండదు.)

ఇది నా పిచ్చి లెక్క మాత్రమే కాదు. 2008లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికా కుటుంబాల తిండి మీద ఇలాంటి లెక్కే పెద్ద ఎత్తున వేశారు. తిండి వల్ల గాలిలోకి చేరే వేడి వాయువుల్లో 83 శాతం పండించే దశలోనే వస్తున్నాయనీ, రవాణా అంతా కలిపితే 11 శాతమనీ, అందులో దుకాణానికి చేర్చే ఆఖరి ప్రయాణం వాటా 4 శాతమేననీ తేల్చారు. అంటే అసలు కథ రోడ్డు మీద కాదు, చేలో ఉంది. ఏ ఎరువు వేశారు, ఎంత వేశారు, ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, నీళ్ళు ఎక్కణ్ణుంచి తోడారు. మరి చేలో ఏం జరిగిందో మార్కెట్లో చెప్పగలిగేది ఎవరు? మళ్ళీ మొదటికే వచ్చాం, పండించిన మనిషే. దగ్గరితనం గొప్పతనం డీజిలులో లేదు, జవాబుదారీలో ఉంది.

దీనికి ఒక చిన్న ఉదాహరణ. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు పేరు వినే ఉంటారు. కూరగాయల మీద దాన్ని వాడకూడదని 2005లోనే కేంద్రం నిషేధించింది. కానీ వేరే పంటల కోసం మందుల కొట్లో అమ్మడం ఆ తర్వాత చాలా ఏళ్ళు సాగింది. కొన్న డబ్బా పత్తి మీద కొడతారో బెండ మీద కొడతారో కొట్టువాడికి తెలీదు, మార్కెట్లో మనకి అసలే తెలీదు. అలాగే అనుమతి ఉన్న మందులకి కూడా, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలి అని ఒక గడువు ఉంటుంది. వంకాయ నాలుగైదు రోజులకోసారి కోతకొస్తుంది. మందు గడువు అంతకంటే ఎక్కువైతే రైతు ఒక కోత వదులుకోవాలి. ఆ కోత వదిలాడా లేదా? కూరని చూస్తే తెలీదు. ల్యాబుకి పంపితే రిపోర్టు వచ్చేలోపు ఆ కూర మనం తినేసి ఉంటాం.

కిందటేడు మా వైపు ఒక మార్కెట్లో లంక నుంచి వంకాయలు తెచ్చిన ఒక పెద్దావిడని అడిగాను, "మామ్మగారూ, వీటికి మందు కొట్టారా?" అని. ఆవిడ ఏమీ దాచలేదు. "కొట్టకపోతే పుచ్చొచ్చేత్తది బాబూ. పుచ్చు కాయ నువ్వు తీసుకుంటావా మరి? ఏరి పక్కన పడేత్తారు కదా అందరూ" అంది. ఆవిడ మాట్లాడుతుండగానే నా పక్కనాయన ఒక్కో కాయనీ తిప్పి తిప్పి చూసి, చిన్న చిల్లున్న కాయల్ని పక్కకి నెట్టేస్తున్నాడు. ఆవిడ అన్నదాంట్లో వ్యవసాయ శాస్త్రం అంతా ఉంది. వంగలో కాయ తొలుచు పురుగు ఎంత మొండిదంటే, దాని కోసమే బీటీ వంకాయ తయారు చేశారు. 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. పురుగు పట్టిన మొవ్వుల్ని తుంచెయ్యడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, వేపగింజల కషాయం కొట్టడం... ఇలాంటి పద్ధతులున్నాయి. వాటితో పురుగు తగ్గుతుంది గానీ సున్నా అవ్వదు. పదింట్లో ఒకటో రెండో కాయలకి చిల్లు ఉంటుంది. ఆ ఒకటి రెండు కాయల నష్టం ఎవరు భరించాలి? ఇప్పుడు పూర్తిగా రైతే భరిస్తున్నాడు. అందుకే మందు కొడుతున్నాడు. ఆ చిల్లు వద్దన్నది మనం, మందు కొట్టాడని తిట్టేదీ మనమే!

నా దృష్టిలో పర్యావరణ హామీ అంటే పరీక్ష ఇదే. దాని ఖర్చు ఎవరి మీద పడుతోంది? ఎవరి మీదా పడకపోతే అది హామీ కాదు, నినాదం. అందరిలో బలహీనుడి మీద మాత్రమే పడితే అది అన్యాయం, ఎక్కువ రోజులు నిలవదు కూడా.

ప్లాస్టిక్ సంచుల సంగతి చూడండి. 2016 నియమాల ప్రకారం 50 మైక్రాన్ల కంటే పల్చటి సంచులు ఉండకూడదు. 2021 సెప్టెంబరు 30 నుంచి అది 75 మైక్రాన్లయింది. 2022 డిసెంబరు 31 నుంచి 120. కట్ట తోటకూర అమ్ముకునే మనిషి దగ్గర మైక్రాన్లు కొలిచే పరికరం ఉంటుందా? ఆ సంచుల్ని తయారు చేసిన ఫ్యాక్టరీ ఎక్కడో ఉంది, గుట్టలుగా తెచ్చి అమ్మిన హోల్‌సేలు వ్యాపారి ఇంకెక్కడో ఉన్నాడు. తనిఖీ వచ్చినప్పుడు సులువుగా దొరికేది మాత్రం తట్ట ముందు కూర్చున్న మనిషి. ఇవ్వకపోతే మనం పక్క స్టాలుకి వెళ్ళిపోతాం, ఇస్తే జరిమానా. ఎటు చూసినా ఆవిడకే నష్టం.

ప్లాస్టిక్ చిన్న విషయం అనడం లేదు. డెల్టాలో పుట్టినవాళ్ళకి బాగా తెలుసు. వేసవిలో కాలవలు కట్టేశాక నీళ్ళు దిగిపోతే అడుగున ఏముంటుందో చూడండి, ఊరి చరిత్రంతా క్యారీబ్యాగుల్లో కనిపిస్తుంది. ఆ కాలవ నీళ్ళే చెరువుల్లోకి తోడి తాగేది. ఒకప్పుడు పూలకి అరిటాకు, మాంసానికి తామరాకు, కూరలకి ఇంటి నుంచి తెచ్చిన చేతిసంచి ఉండేవి. అవి ఎవరో నిషేధిస్తే పోయినవి కావు, 'వట్టి చేతుల్తో వెళ్ళినా పర్లేదు' అన్న సుఖం అలవాటయ్యి పోయినవి. కాబట్టి ఆ అలవాటు మార్చుకునే ఖర్చు కూడా వట్టి చేతుల్తో వచ్చేవాడే పెట్టుకోవాలి. గేటు దగ్గరే ఒక మహిళా సంఘానికి గుడ్డ సంచుల స్టాలు ఇవ్వండి. సంచికి డబ్బు కట్టి తీసుకోవాలి, తిరిగిస్తే డబ్బు వాపసు. లోపల ఏ స్టాల్లోనూ ఎవరూ సంచి ఇవ్వరు. అందరికీ ఒకటే రూలైతే పక్క స్టాలుకి పోయే బేరం ఉండదు. మొదటి వారం తిట్టుకుంటాం, రెండో వారం స్కూటరు డిక్కీలో సంచి పెట్టుకుంటాం.

చెత్త విషయంలోనూ ఇదే. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు సంగతి మీరు వినే ఉంటారు. అక్కడ రోజుకి సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి బయోగ్యాస్ తీసి, 500 యూనిట్ల దాకా కరెంటు పుట్టిస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో కూడా చెప్పారు. టెక్నాలజీ మన తార్నాక ఐఐసీటీ వాళ్ళది. గ్యాస్‌లో కొంత మార్కెట్టు క్యాంటీన్‌లో వంటకి వాడతారు. చాలా మంచి పని. కానీ దాన్ని చూసి ప్రతి చిన్న ఊరూ "మాకూ ఒక ప్లాంటు" అనక్కర్లేదు. మా ఊరంత మార్కెట్టుకి అది ఏనుగుతో పేడతట్ట మోయించినట్టు ఉంటుంది. మా వైపు క్యాలీఫ్లవరు ఆకులకీ, ముదిరిన బెండకాయలకీ గేదెలున్నాయి. చుట్టూ పాడి రైతులున్నారు, పిలిస్తే వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు. ఎందుకు పట్టుకెళ్ళడం లేదంటే ఆ చెత్తలో క్యారీబ్యాగులు కలిసిపోయి ఉంటాయి కాబట్టి. గేదె కడుపులోకి ప్లాస్టిక్ పోవాలని ఎవరు కోరుకుంటారు? అంటే గేటు దగ్గర సంచి సమస్య తీరితే వెనక గేటు దగ్గర చెత్త సమస్య సగం తీరుతుంది. ఒకటి మరొకదానికి డిపెండెన్సీ. మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు కదా :)

మరి 'పండించినవాడే అమ్మాలి' అన్నదాన్ని నిలబెట్టడం సాధ్యమేనా? బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు శనాది వారాల్లో వెళ్ళే ఫార్మర్స్ మార్కెట్లలో స్టాలు దగ్గర తగిలించి ఉండే కాగితం ఎప్పుడైనా చదివారా? కాలిఫోర్నియాలో 1970ల చివర్లో వచ్చిన పద్ధతి అది. కౌంటీ వ్యవసాయ అధికారి పొలానికి వెళ్ళి చూసి ఒక సర్టిఫికెట్ ఇస్తాడు. అందులో ఏ పంటలు, ఎంత విస్తీర్ణం, ఎప్పుడు కోతకొస్తాయి, సుమారుగా ఎంత దిగుబడి అన్నీ ఉంటాయి. అది అందరికీ కనిపించేలా పెట్టాలి. సర్టిఫికెట్లో టమాటా లేకుండా స్టాల్లో టమాటా ఉంటే దొరికిపోతాడు. న్యూయార్క్‌లో 1976లో మొదలైన గ్రీన్‌మార్కెట్‌లోనూ పండించినవాళ్ళే అమ్మాలి, పొలాల తనిఖీలు ఉంటాయి. వాళ్ళ దగ్గర మోసాలు లేవని కాదు. మోసం పట్టుకోవడానికి కాగితం మీద ఒక ఆధారం ఉంది, అదీ కొనేవాడి కళ్ళ ముందు ఉంది. మన రైతు కార్డూ అదే పని చెయ్యగలదు. కాకపోతే మనది ఆఫీసు ఫైల్లో పడి ఉంటుంది, స్టాలు మీద కనపడదు.

మన దగ్గర ఇంకా బలమైన వనరు ఒకటుంది. అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ జిల్లా ఏనెబావి (జిల్లాల విభజన తర్వాత జనగామలోకి వచ్చింది) 2000ల్లోనే ఊరంతా కలిసి పురుగుమందులు మానేసిన ఊళ్ళు. ఒక్క రైతు మానేస్తే పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది. ఊరంతా మానేస్తే లెక్క వేరు. ఆ అనుభవాలు పెరుగుతూ వచ్చి, 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వ కార్యక్రమం అయింది. 2024లో దానికి పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, ఈజిప్టుకి చెందిన సెకెమ్ సంస్థతోనూ, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ కలిపి. ప్రపంచం చప్పట్లు కొట్టింది, సంతోషం. కానీ అలా పండించిన వంకాయ మార్కెట్టుకొచ్చి మందు కొట్టిన వంకాయ పక్కన కూర్చుంటే రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? బహుమతి పత్రం తట్టకి కట్టలేం కదా!

సర్టిఫికెట్లు ఖరీదండీ అంటారు. నిజమే, ఎగుమతి స్థాయి సర్టిఫికెట్టు అరెకరం రైతు వల్ల కాదు. అందుకే పీజీఎస్ అని ఒక పద్ధతి ఉంది, అయిదుగురో అంతకంటే ఎక్కువమందో ఇరుగుపొరుగు రైతులు ఒక జట్టుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. (కోడ్ రివ్యూ లాంటిదే, కాకపోతే వాళ్ళు నిజంగా చూస్తారు!) పైగా 2017లో వచ్చిన ఆహార భద్రతా సంస్థ సేంద్రియ నియమాల్లోనే ఒక మినహాయింపు ఉంది. పండించినవాడే నేరుగా తినేవాడికి అమ్మితే ఆ సర్టిఫికెట్ల తంతు అక్కర్లేదని. అంటే చట్టం కూడా నేను చెప్పేదే చెప్తోంది. పండించినవాడు ఎదురుగా ఉంటే ముఖమే సర్టిఫికెట్. ఎదురుగా లేకపోతేనే కాగితాలు కావాలి.

ఇంతదాకా చదివిన మన సాఫ్ట్‌వేరు మిత్రుల బుర్రలో ఈపాటికి ఒక యాప్ తయారైపోయి ఉంటుంది. తట్టకో క్యూఆర్ కోడ్, స్కాన్ చేస్తే పొలం ఫోటో, వెనకాల బ్లాక్‌చెయిన్... దయచేసి ఆగండి. ఎంటర్ చేసేవాడు నిజం ఎంటర్ చేస్తాడన్న గ్యారంటీ లేనప్పుడు, అబద్ధాన్ని ఎంత భద్రంగా దాచినా అది అబద్ధమే. ఆ పెద్దావిడకి స్మార్ట్‌ఫోను ఇచ్చి ఇంకో చాకిరీ అంటగట్టడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. రైతుబజారులో ఇప్పటికే ఒక గొప్ప డిస్‌ప్లే ఉంది. రోజూ అప్‌డేట్ అవుతుంది, అందరూ చదువుతారు, కరెంటు పోయినా పనిచేస్తుంది. అదే ధరల బోర్డు.

నేను అడిగేది ఆ బోర్డు మీద ఇంకో మూడు వివరాలు.

మొదటిది, ధర పక్కన పండిన ఊరి పేరు. స్టాలు మీద కూడా రైతు ఊరు, కార్డులో ఉన్న పంటలు పెద్ద అక్షరాలతో. బయట నుంచి వచ్చిన సరుకుని నిషేధించమనడం లేదు. గోదారి వరదొచ్చి లంకలు మునిగితే, 2022 జులైలో మునిగినట్టు, మా వైపు కొన్ని వారాలు లోకల్ కూర అనేదే ఉండదు. అప్పుడూ జనం తినాలి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఎలాగూ బయట నుంచే వస్తాయి, వాటికి మహిళా సంఘాల స్టాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నాయి. 'బయట సరుకు' అని రాయండి చాలు. దాచడమే తప్పు, తేవడం కాదు.

రెండోది, మచ్చ కాయకి వేరే ధర. ధరల కమిటీ ఎలాగూ రోజూ కూర్చుంటుంది. వంకాయ ఒక ధర, చిన్న చిల్లున్న వంకాయ ఇంకో ధర. ఇప్పుడు పారబోసేదానికి ఆ కాస్త డబ్బు వస్తే, మందు తగ్గించి చూద్దామన్న ధైర్యం రైతుకి వస్తుంది. చెడిన ముక్క కోసేసి వండుకోవడం మన అమ్మలకి వచ్చు, మనమూ నేర్చుకోవచ్చు.

మూడోది, నిన్నటి చెత్త ఎన్ని కిలోలు, అందులో పశువులకి ఎంత పోయింది, డంపుకి ఎంత పోయింది. తూకం కాటాలు అక్కడే ఉన్నాయి. ఒక నెల రాస్తే చాలు, ఏ అధికారీ ప్రసంగం ఇవ్వక్కర్లేదు, ఆ అంకె పెరిగితే అడిగేవాళ్ళు పుడతారు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "ఊరి పేరు మాత్రం అబద్ధం రాయరా?" రాస్తారు. కానీ ఊరి పేరు చెప్పగానే ఆ ఊరివాళ్ళు, దాని పక్క ఊరివాళ్ళు ఆ బజార్లోనే ఉంటారు. "మా ఊళ్ళో ఈ నెల్లో బీర ఎక్కడుందిరా?" అని అడిగేవాడు కస్టమరై రాకపోడు. మార్కెట్టు అంటేనే పదిమంది కళ్ళు. ఇంకో అభ్యంతరం, రైతు పొద్దున్నంతా బజార్లో కూర్చుంటే పొలం పని ఎవరు చూస్తారని. ఇది నిజమైన కష్టం, చాలామంది కార్డులు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను. దానికి జట్టు పద్ధతి పనికొస్తుంది. అయిదుగురు రైతుల కూర ఒకరు వంతులవారీగా తెచ్చి అమ్మాలి, ఎవరి తట్ట ఎవరిదో చెప్పగలగాలి. ఇందులో దళారీ దూరడు, ఎందుకంటే అమ్మేవాళ్ళకీ అదే ఊళ్ళో పొలం ఉంది, అదే గట్టు మీద నడుస్తారు.

ఇవన్నీ ఎవరో జీవో తెచ్చేదాకా ఆగక్కర్లేదు. వచ్చే ఆదివారం స్టాలు దగ్గర ఒక్క ప్రశ్న అడగండి, "ఇది ఏ ఊరిదండీ?" అని. జవాబు తడుముకోకుండా వచ్చిన చోట కొనండి. అదే తట్టలోంచి చిన్న చిల్లున్న కాయలు రెండు, ఏరి పక్కన పడెయ్యకుండా, మీ సంచిలో వేసుకోండి.